గన్నవరము నుండి గగనయానము

పూర్వము కృష్ణాతీరమున ప్రయాణమనగా మూడు దినముల ముచ్చట. పంచాంగము తిరుగవేసి, వర్జ్యము దాటనిచ్చి, ఎదురు శకునము సరిచూచుకొని, పెరుగన్నపు మూటతో గడప దాటుట ఆనాటి వాడుక. నేడు అదే డెల్టాలో, వేసవి సెలవులు ఆరంభమైన మరునాటి వేకువను గుడివాడలో కాఫీ త్రాగి బయలుదేరిన ఉపాధ్యాయ కుటుంబము మధ్యాహ్న భోజనమునకు ఢిల్లీలో విస్తరి ముందు కూర్చుండగలదు. దూరము తరిగినది. కాలము తరిగినది. వానితోపాటు కంటికి కనబడవలసిన వింతలు, మనసునకు తట్టవలసిన సంగతులు కూడ తరిగిపోవలెనా?

సెలవుల ప్రయాణములో పిల్లల ధ్యాస యంతయు చేరబోవు ఊరి మీదనే యుండును. పెద్దల ధ్యాస సామాను మీద నుండును. కాని విమానము నేల విడిచిన మొదటి పది నిమిషములలో కిటికీ ప్రక్కన కూర్చున్నవానికి దొరకు పాఠము ఏ పాఠశాల గోడ మీది పటము నందును దొరకదు. ఆ పాఠము పేరు కృష్ణా డెల్టా.

పడవ నుండి విమానము వరకు

ఈ సీమలో ప్రయాణముల చరిత్ర నీటితో మొదలైనది. 1832-33 నాటి నందన నామ సంవత్సరపు క్షామము గుంటూరు మండలమును శ్మశానప్రాయము చేసినది. నది నిండుగ ప్రవహించుచుండగనే దాని ఒడ్డున జనము ఆకలితో మాడిన ఆ దుఃఖమే ఆనకట్ట యోచనకు బలమిచ్చినది. సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహముతో, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో బెజవాడ వద్ద 1852లో ఆరంభమైన ఆనకట్ట 1855లో పూర్తియైనది. దాని నుండి చీలిన కాలువలు పైరునకు నీరిచ్చుటయే కాక మనుష్యులకు మార్గములు కూడ నైనవి. ఏలూరు కాలువ బెజవాడను ఏలూరుతో కలిపి, అచ్చట గోదావరి కాలువలతో సంధించినది. పడమటి వైపున కొమ్మమూరు కాలువ బకింగ్‌హాం కాలువతో కలిసి మద్రాసు వరకు త్రోవ చూపినది. కాకినాడ నుండి పుదుచ్చేరి వరకు గల ఈ కాలువల మార్గమునే 2008లో నాలుగవ జాతీయ జలమార్గములో చేర్చిరి.

గట్టు మీద మనుష్యులు త్రాడు భుజమున వేసికొని లాగుచుండగా పడవ మెల్లగా సాగెడిది. ఆ నడకలో ప్రయాణికుడు ప్రతి లాకును, ప్రతి రేవును, గట్టున గల ప్రతి రావిచెట్టును ఎఱిగియుండెడివాడు. పిమ్మట 1893లో కృష్ణపై రైలు వంతెన ఏర్పడి బెజవాడ నాలుగు దిక్కుల కూడలియైనది. పడవ ప్రయాణికుడు ఊళ్లను చూచెను. రైలు ప్రయాణికుడు స్టేషనులను చూచెను. విమాన ప్రయాణికుడు, చూడదలచినచో, సీమనంతటిని ఒక్కమారుగా చూడగలడు.

విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున, కలకత్తా - చెన్నై రహదారి ప్రక్కన గల గన్నవరము విమానాశ్రయము విహారయాత్రలకై పుట్టినది కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అది సైనిక స్థావరము. ఆనాడు తీరాంధ్రమున యుద్ధభయము ఊహామాత్రము కాదు; 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణము, కాకినాడల మీద జపాను విమానములు బాంబులు వేసినవి. యుద్ధము ముగిసిన పిదప ఈ క్షేత్రము పౌరుల విమానాశ్రయమైనను, చాలకాలము దాని ప్రయాణికులు కొద్దిమందియే. 2003 సెప్టెంబరులో హైదరాబాదుతో ప్రతిదిన సర్వీసు మొదలైనది. 2017 జనవరిలో క్రొత్త టెర్మినల్ భవనము తెరచిరి. ఆ సంవత్సరమే అంతర్జాతీయ హోదా లభించినది. 2018 డిసెంబరు 4న ఇచ్చటి నుండి సింగపూరునకు తొలి అంతర్జాతీయ విమానము లేచినది. యుద్ధమునకై చదును చేసిన నేల సెలవుల పిల్లలకు సింహద్వారమైనది.

నేల మీది పాఠములు

విమానాశ్రయమున గడుపు రెండు గంటలను విసుగుతో గడపువారే ఎక్కువ. ఐనను భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము బోధించువారికి ఆ రెండు గంటలు సజీవమైన ప్రయోగశాల.

మొదట సామాను తూచుదురు. దేశములోపలి ప్రయాణములకు సాధారణముగా 15 కిలోల పెట్టెయు, 7 కిలోల చేతిసంచియు అనుమతింతురు. ఇది కేవలము ఛార్జీ వసూలు కొరకు కాదు. విమానము మొత్తము బరువెంత, ఆ బరువు ముందు వెనుకలకు ఎట్లు పంచబడినది అను లెక్క తేలిన పిదపనే అది కదలును. త్రాసు మొగ్గినట్లు విమానపు తోక మొగ్గరాదు గదా!

తరువాత తనిఖీ. చేతిసంచిలో ఆవకాయ జాడీ పెట్టుకొన్న అమ్మమ్మ దానిని పెద్ద పెట్టెలోనికి మార్చవలసివచ్చును. ఎండుకొబ్బరి చిప్పలున్నచో అసలు అనుమతింపరు. కొబ్బరి దేవునికి కొట్టు వస్తువు, దానిలో తప్పేమని ఆమె అడుగుట న్యాయమే. నూనె మిక్కుటముగా గల ఎండుకొబ్బరి, గాలి చాలనిచోట కుప్పగా పడియున్నచో, తనంతట తాను వేడెక్కి రాజుకొనగలదు. అందుచే దానిని మండు సరుకుల పట్టికలో చేర్చిరి. సెల్‌ఫోనునకు విద్యుత్తు నింపు పవర్‌బ్యాంకును మాత్రము పెద్ద పెట్టెలో పెట్టనీయక చేతిలోనే ఉంచుకొమ్మందురు. అది అంటుకొన్నచో మనుష్యులు చూచి ఆర్పగల చోట నుండవలెనని దాని భావము. ఒక నిషేధమునకు గల కారణమును తెలిసికొన్న బాలుడు పది నియమములను వల్లించిన వానికంటె మేలు.

రన్‌వే కొనలయందు పెద్ద అంకెలు వ్రాసియుందురు. గన్నవరమున ఒక కొన 08, రెండవ కొన 26. ఉత్తరము నుండి కుడివైపునకు కొలిచిన కోణమును పదిచేత భాగించినచో వచ్చు అంకెలివి. 08 అనగా 80 డిగ్రీలు, దాదాపు తూర్పు. 26 అనగా 260 డిగ్రీలు, దాదాపు పడమర. రెంటి భేదము 18, అనగా 180 డిగ్రీలు. ఒకే గీతకు రెండు దిక్కులని జ్యామితిలో చెప్పు మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణ యుండదు.

ఈ రన్‌వే 2021లో 2,286 మీటర్ల నుండి 3,360 మీటర్లకు పెరిగినది. అంత పొడవెందులకు? పెద్ద విమానములకు పెద్ద పరుగు కావలెను. పైగా బెజవాడ ఎండలు! వేడెక్కిన గాలి పలుచనగును. పలుచని గాలి రెక్కకు తక్కువ ఊతమిచ్చును. కాబట్టి జనవరిలో చాలిన పరుగు మే నెలలో చాలదు. రోహిణి కార్తె ఎండ రోళ్లు పగులగొట్టునని పల్లెలలో అందురు. విమానచోదకుడు ఆ ఎండను అంకెలలో లెక్కవేసికొని గాని కదలడు.

రెక్క క్రింది సీమ

విమానము ఎల్లప్పుడు ఎదురుగాలికే లేవజూచును. రెక్క గాలిని క్రిందికి త్రోయును. గాలి రెక్కను పైకి త్రోయును. న్యూటను మూడవ సూత్రము చెప్పునదిదే. గంటకు సుమారు 250 కిలోమీటర్ల వేగమందగనే చక్రముల చప్పుడు హఠాత్తుగా ఆగిపోవును. 1903 డిసెంబరు 17న రైట్ సోదరుల మొదటి ఎగురుట 12 సెకండ్లు సాగినది. వారు దాటినది 120 అడుగులు. అది గన్నవరపు రన్‌వేలో ఒక మూలకు చాలదు.

పడమరకు లేచి, వాతావరణము నిర్మలముగా నున్నచో విజయవాడ కనబడును. ఇంద్రకీలాద్రి, దాని ప్రక్కన ప్రకాశం బ్యారేజి. పాత ఆనకట్ట 1952లో గండిపడగా, దాని స్థానమున నిర్మించిన ఈ బ్యారేజి 1957లో పూర్తియైనది. పొడవు 1,223 మీటర్లు. పైనుండి చూచునప్పుడది నదికి అడ్డముగా పెట్టిన అగ్గిపుల్లవలె నుండును. ఆ పుల్ల మీద 12 లక్షల ఎకరములకు పైగా ఆధారపడియున్నవన్న సంగతి తెలిసినవానికి గుండె ఝల్లుమనును.

తూర్పునకు లేచినచో ఎడమవైపున నూజివీడు మామిడితోటలు, ఎదుట దూరమున కొల్లేరు. సరస్సు చుట్టును కైకలూరు ప్రాంతపు చేపల చెరువులు అద్దపు పలకలు పరచినట్లు మెరయును. శీతకాలమున గూడబాతులు, విదేశపు పక్షులు దిగు ఈ సరస్సు 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరినది. టిక్కెట్టు లేక ఖండములు దాటి వచ్చు ఆ ప్రయాణికులే ఈ ఆకాశమునకు మొదటి హక్కుదారులు. విజయవాడ మీదుగా కొల్లేటిలోనికి పోవు సన్నని గీత బుడమేరు. 2024 సెప్టెంబరు మొదట అది పొంగి సింగునగర్ ప్రాంతమును ముంచినప్పుడు హెలికాప్టర్లు, డ్రోనులు మేడల మీద చిక్కుకొన్నవారికి ఆహారపు పొట్లములు అందించినవి. ఆకాశయానము విలాసము మాత్రమే కాదని ఆ దినములలో నగరము తెలిసికొన్నది.

వేసవి ప్రయాణికుడు పచ్చదనమును ఆశించినచో నిరాశ చెందును. వరి కోసి, మినుము తీసి, కాలువలు కట్టివేసిన కాలమది. పొలములు బూడిదవన్నెలో నుండును. కాని నేల అస్థిపంజరము కనబడునది అప్పుడే. గట్లు, బోదెలు, కాలువల శాఖలు, ఉపశాఖలు చేతి వెనుక నరములవలె తేటపడును. దసరా సెలవులలో ఎగిరినవానికి ఆ నరములను కప్పిన పచ్చని చర్మము కనబడును. రెండును చూచినవాడే డెల్టాను చూచినవాడు.

పైకి పోయినకొలది ప్రతి కిలోమీటరునకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున చల్లబడి, పది కిలోమీటర్ల ఎత్తున బయట సున్నకు క్రింద 50 డిగ్రీలగును. లోపలి గాలిని మాత్రము ఇంచుమించు ఉదకమండలపు కొండ మీది గాలివలె నుండునట్లు అదిమి ఉంచుదురు. ఆ మార్పు వలననే చెవులు దిబ్బడ వేయును. ఒక బిళ్ల చప్పరించి గుటకలు వేసినచో సర్దుకొనును.

రన్‌వే క్రింది పొలములు

ఇంతవరకు కంటికి కనబడు పాఠము. కనబడని పాఠము ఒకటి రన్‌వే క్రిందనే కలదు. విమానాశ్రయ విస్తరణమునకై చుట్టుప్రక్కల గ్రామముల రైతులు సుమారు 700 ఎకరముల భూమి నిచ్చిరి. వారిలో పెక్కుమంది భూసమీకరణ పద్ధతిన, పొలమునకు బదులు అమరావతిలో స్థలములు పొందుటకు అంగీకరించి ఇచ్చినవారు. రాజధాని నిర్మాణము 2019 తరువాత కుంటువడగా వారి నిరీక్షణ కూడ పొడవైనది. ఏలూరు కాలువను సైతము దారి మళ్లింపవలసి వచ్చినది. ఒకనాడు పడవలకు త్రోవయైన కాలువ, నేడు విమానములకు త్రోవ తొలగవలసినదయ్యెను.

ఇందు ఎవరిని నిందింపవలసిన పని లేదు. ఓడరేవు లేక, రైలు లేక, విమానము లేక ఏ సీమయు వృద్ధి చెందదు. ఐనను వరి పండు డెల్టా నేల రబ్బరువలె సాగునది కాదు. వేల ఏండ్లు నది తెచ్చి పోసిన ఒండ్రు అది. ఎగువ జలాశయములలో ఆ ఒండ్రు నిలిచిపోవుచుండగా సముద్రతీరమున డెల్టా కొన్ని చోట్ల పెరుగుటకు మారుగ కోతకు గురియగుచున్నది. నది క్రొత్త నేలను ఇచ్చుట తగ్గినప్పుడు ఉన్న నేల విలువ హెచ్చును. రెండు గంటలలో ఢిల్లీ చేరు సుఖమునకు వెల టిక్కెట్టు మీద అచ్చువేసినది మాత్రమే కాదు. అందొక భాగమును ఒక రైతు తన చేనితో ముందే చెల్లించియున్నాడు. ఈ మాట తెలిసి ఎగురుట వేరు, తెలియక ఎగురుట వేరు.

జూన్ నెలలో బడులు తెరచినప్పుడు సెలవులెట్లు గడిచినవో వ్రాయుమనుట వాడుక. పిల్లలు ఎఱ్ఱకోటను గూర్చియు, తాజమహలును గూర్చియు వ్రాసెదరు. ఉపాధ్యాయులు దానికి మరియొక ప్రశ్నను చేర్పవచ్చును: "విమానము లేచిన మొదటి పది నిమిషములలో నీకు కనబడిన కాలువలు ఎన్ని? అవి ఎటు పోవుచున్నవి?" దానికి జవాబు చెప్పగలవారు తరగతిలో ఇద్దరో ముగ్గురో యుందురు. తక్కినవారు విమానమును గట్టు మీది నుండి తలయెత్తి చూచినవారే. కాని ఏ కాలువకు ఏ నెలలో నీరు వచ్చునో, ఏ చేనిలో ఏ పైరు వేయుదురో చెప్పగలవారు వారే. పైనుండి చూచినవాడు గీతలను గీయవలెను. క్రింద నడచినవాడు ఆ గీతలకు పేర్లు వ్రాయవలెను. ఇద్దరును ఒకే బల్ల మీద ఒకే కాగితము పరచి కూర్చున్న దినమున గాని డెల్టా పటము పూర్తి కాదు.