కంటి వెనుక తెర

కన్నును కెమేరాతో పోల్చుట పరిపాటి. ఆ పోలికలో ఫిల్ము స్థానము రెటీనాది, అనగా నేత్రపటలముది. కనుగ్రుడ్డు లోపల వెనుక గోడను అంటియుండు ఈ పొర మందము అర మిల్లీమీటరుకు మించదు. అయినను వెలుగును పసిగట్టు కణములు ఇందు సుమారు 12 కోట్లకు పైగా కలవు. ఈ పొరకు వచ్చు జబ్బులను కుదుర్చువాడే రెటీనా నిపుణుడు.

పూర్వము సజీవుని కంటిలో ఈ పొరను చూచుటకు వైద్యునివద్ద తగిన సాధనము లేకుండెను. 1851లో జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్స్ ఆఫ్తాల్మోస్కోపును లోకమునకు తెలిపెను. దానితో చూచుట సాధ్యమయ్యెను గాని, కుదుర్చుట సాధ్యము కాలేదు. రెటీనా ఊడిన రోగిని కదలక పరుండుమనుటయే నాటి చికిత్స. ఆ కంటికి చూపు దక్కుట బహు అరుదు.

స్విట్జర్లాండులోని లోజాన్ నగరమున నేత్రవైద్యాచార్యుడగు జూల్ గోనిన్ దీనికి కారణమును వెదకెను. పొరలో ఎక్కడనో సన్నని చిరుగు పడును. కంటిలోని ద్రవము ఆ చిరుగుగుండ వెనుకకు చేరి, చెమ్మ పట్టిన గోడనుండి సున్నపు పెచ్చు లేచినట్లు, పొరను లేవనెత్తును. కనుక చిరుగును కనుగొని, దానిని కాల్చి మూయవలెనని ఆయన వాదించెను. తోటి వైద్యులు చాలకాలము నమ్మలేదు. 1929లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన అంతర్జాతీయ నేత్రవైద్య మహాసభలో ఆ పద్ధతికి గుర్తింపు లభించెను. 1970 ప్రాంతమున మయామీలో రాబర్ట్ మాకెమర్, కంటి నడుమ నిండియుండు జిగురు పదార్థమును సన్నని సాధనముతో తొలగించు శస్త్రచికిత్సకు దారి తీసెను.

మన దేశమున ఈ విద్యకు త్రోవ దీర్ఘమైనది. ఎం.బి.బి.ఎస్. చదువు ఐదున్నర ఏండ్లు; నేత్రవైద్యములో ఎం.ఎస్. మూడేండ్లు, ఆపైన రెటీనాకే ప్రత్యేకించిన శిక్షణ సాధారణముగా ఒకటి రెండేండ్లు. మొదటనే చేతికి కత్తి నీయరు. శిష్యుడు తలకు దీపము ధరించి, చేత కటకము పట్టి, కంటిలోపలి దృశ్యమును చూడవలెను. అది తలక్రిందులుగా కనబడును. దానిని సరిచేసికొని, అంటియున్న భాగమును ఎఱుపుతోను, ఊడిన భాగమును నీలముతోను కాగితముపై గీయవలెను. చిరుగు ఎక్కడనున్నదో గీయలేనివాడు దానిని మూయలేడు.

బోధనాసుపత్రిలోని ఆచార్యునికి చికిత్స, బోధన, పరిశోధన అను మూడు బాధ్యతలు కలవు. వీనిలో బోధనయే మిక్కిలి కఠినమని చెప్పవచ్చును. శిష్యుని చేతికి సాధనము నీయకున్నచో రేపటి రోగికి వైద్యుడుండడు. ఇచ్చినందువలన నేటి రోగికి హాని కలుగరాదు. ఎప్పుడు ఇయ్యవలెనో, ఎప్పుడు మరల తీసికొనవలెనో తెలియుటయే గురువు నేర్పు.

అయితే రోగి సకాలమున రానిచో ఎంతటి నేర్పును పూర్తిగా ఫలింపదు. రెటీనాకు నొప్పి తెలియదు. కంటిలో ఆకస్మికముగా మెరుపులు తోచినను, నల్లని చుక్కలు అనేకము తేలినను, ఒక ప్రక్కనుండి తెర క్రమ్ముచున్నట్లున్నను, ఆనాడే వైద్యుని చూడవలెను. పొర నడిమి భాగము ఊడకముందే వచ్చినవారికి మంచి చూపు దక్కు అవకాశము అధికము. మధుమేహము గలవారు, చూపు బాగుగనే యున్నను, ఏటేట పరీక్ష చేయించుకొనవలెను. నెలలు నిండక పుట్టిన శిశువు కన్నులను 30 దినములలోపల చూపింపవలెను. ఆ శిశువు తన బాధను చెప్పుకొనలేదు, పెద్దలే గుర్తుంచుకొనవలెను.