చేతిలో తొమ్మిదుల జత, బల్ల చుట్టూ తొమ్మిది మంది

సంక్రాంతికి అమ్మమ్మగారి ఊళ్లో మామయ్యలు అరుగు మీద పేకాడుతుంటే వెనక కూర్చుని ముక్కలు చూడటం నా చిన్నప్పటి సరదా. నోరు మెదపకూడదన్నది ఒక్కటే షరతు. అమెరికా వచ్చి ఇరవై ఏళ్లయింది. బే ఏరియాలో మనవాళ్ల ఇళ్లలో గృహప్రవేశానికో పుట్టినరోజుకో కలిస్తే, భోజనాలయ్యాక ఇప్పటికీ రమ్మీ బల్ల పడుతుంది. నేను మాత్రం ఐదేళ్ల కింద ఒక స్నేహితుడి వెంట కార్డ్‌రూమ్‌కి వెళ్లి పోకర్‌కి అలవాటు పడ్డాను.

నేను ఆడేది లిమిట్ హోల్డెమ్, నాలుగు-ఎనిమిది బల్ల. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి పంచుతారు. ఆ తర్వాత అందరికీ ఉమ్మడిగా బల్ల మీద ముందు మూడు, తర్వాత ఒకటి, చివరగా ఇంకొకటి తెరుస్తారు. మొదటి రెండు విడతల్లో పందెం నాలుగు డాలర్లు, చివరి రెండింట్లో ఎనిమిది. పెంచినా అంతంతే పెంచాలి. టీవీలో చూపించినట్టు ఉన్న చిప్స్ అన్నీ ఒక్కసారి ముందుకు తోసేయడం కుదరదు. అందుకే ఇది భద్రమైన ఆట అనుకున్నాను. నిజానికి ఇది కారే కుళాయి లాంటిది. చప్పుడుండదు, బిల్లు వచ్చాకే తెలుస్తుంది.

ఈ చిన్న బల్లల దగ్గర జనం ముక్కలు వదలరు. షిఫ్ట్ దిగి వచ్చినవాళ్లు, రిటైరైనవాళ్లు కబుర్లు చెప్పుకుంటూ ఏ రెండు ముక్కలొచ్చినా డబ్బులేసి చూస్తారు. తొమ్మిది మందిలో ఐదారుగురు బరిలో ఉండటం మామూలే. వాళ్లను చూసి, వీళ్ల మీద గెలవడం ఎంతసేపు అనుకునేవాణ్ణి.

ఒక శుక్రవారం రాత్రి నాకు తొమ్మిదుల జత వచ్చింది. ముందు ముగ్గురు నాలుగేసి డాలర్లు వేశారు, నేను ఎనిమిదికి పెంచాను. ఆ ముగ్గురూ వదల్లేదు, బ్లైండ్స్ ఇద్దరూ వచ్చారు. ఆరుగురం, కుండలో 48 డాలర్లు. బల్ల మీద రాజు, రాణి, నాలుగు తెరుచుకున్నాయి. ఒకాయన పందెం వేశాడు, ఇంకొకాయన పెంచాడు. నా తొమ్మిదులు అక్కడే చచ్చిపోయాయి. అయినా ఎనిమిది కట్టాను, తర్వాత ఎనిమిది, చివర్లో ఇంకో ఎనిమిది. పెంచినాయన రాజు, నాలుగు చూపించాడు. మూడు ముక్కలు చూశాక కూడా నేను కట్టిన ఆ 24 డాలర్లకి ఒక్కటే కారణం: జత వచ్చిందన్న మమకారం. ఇలాంటివే మరికొన్ని కలిసి ఆ రాత్రి 340 పోయాయి.

ఆదివారం బ్యాంకు లెక్క చూస్తూ మా ఆవిడ అడిగింది. "ఏవండీ, శుక్రవారం నాలుగు వందలు తీశారేంటి?"

"ఆఫీసు వాళ్లతో డిన్నర్" అన్నాను.

"నాలుగు వందలకా?"

ఆవిడ చేసేది ఆడిటింగ్. నా అబద్ధం పావుగంట కూడా నిలవలేదు. డబ్బు పోయినందుకు ఒక్క మాట అనలేదు గానీ, డిన్నర్ అన్నందుకు రెండు వారాలు సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత తనే ఒక షరతు పెట్టింది: నెలకి 200 డాలర్ల కవరు, అది అయిపోతే ఆట లేదు, ఏ ముక్కలకి ఎంత వచ్చిందో, ఎంత పోయిందో ప్రతిదీ రాయాలి.

ఆరు నెలల తర్వాత ఆ షీటు తనే చూసి చెప్పింది. "పెద్ద జతలు తెస్తున్నాయి. చిన్న జతలకి పెద్దగా పోలేదు. ఈ మధ్యవే తినేస్తున్నాయి." ఏడుల నుంచి పదుల దాకా. ఆరు నెలల లెక్కతో ఏదీ రుజువు కాదని నాలోని ఇంజినీరు గొణిగాడు, కానీ కారణం వెతికితే కళ్ల ముందే ఉంది. రెండుల జతతో ఎవరూ ప్రేమలో పడరు. తొమ్మిదులైతే చూడటానికి గెలిచేలా ఉంటాయి.

లెక్క ఇదీ. చేతిలో జత ఉన్నప్పుడు మొదటి మూడు ముక్కల్లో అదే అంకె మళ్లీ వచ్చే అవకాశం దాదాపు 12 శాతం, అంటే ఎనిమిదిన్నర సార్లకి ఒకసారి. తొమ్మిదులు పట్టుకుంటే ఆ మూడింట్లో తొమ్మిదిని మించిన ముక్క కనీసం ఒకటి పడే అవకాశం 79 శాతం, ఎనిమిదులకైతే 87. ఎదుట ఒక్కడే ఉంటే అది వాడికి తగలకపోవచ్చు. ఐదుగురుంటే ఎవరికో ఒకరికి తగిలే ఉంటుంది. ఆ తర్వాతి ముక్కకి మన అంకె రావాలంటే కనపడని 47 ముక్కల్లో మనకి పనికొచ్చేవి రెండే. నేను కట్టిన ఎనిమిదికి కుండలో ఉన్నది 60. ఏడున్నర రెట్లు కూడా చాలవు, ఇరవై రెండు రెట్లు పైన ఉండాలి.

ఇప్పుడు ముందు నలుగురైదుగురు వచ్చేసి ఉంటే ఏడులు, ఎనిమిదులతో పెంచకుండా నాలుగు డాలర్లతోనే చూస్తాను. మూడోది తగిలితే దాచుకోను, వెంటనే పెంచుతాను. వదలని జనం కాబట్టి వాళ్లే కడతారు. ఈ బల్ల లాభమంతా అక్కడే. తగల్లేదు, పెద్ద ముక్కలు పడ్డాయి, ముందు పందెమూ వచ్చింది అంటే వదిలేస్తాను. పదులైతే మాత్రం మొదటే పెంచుతాను.

ఒక్క సందర్భం వేరు. ఏది వచ్చినా పెంచేవాడు ఒకడుంటాడు. వాడు పెంచి, వెనకే నా వంతైతే, ఎనిమిదులతోనైనా మళ్లీ పెంచుతాను. మిగతావాళ్లు మూడు పందేలు ఒకేసారి కట్టాలంటే కొంత వెనక్కి తగ్గుతారు. వాడితో ఒంటరిగా మిగిలితే సగటున నా జతదే పైచేయి. అప్పుడు బల్ల మీద రాజు పడ్డా భయపడి పారిపోను. వదలని ఐదుగురి ముందు పిరికితనం లాభమైతే, వీడి ముందు అదే నష్టం. ఈ తేడా ఒంటబట్టడానికి నాకు ఏడాది పట్టింది.

ఊరెళ్లినప్పుడు ఫోన్లో ఆడదామనుకునేవాళ్లకి ఒక మాట: డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి.

పోయిన నెల ఎనిమిదులొచ్చాయి. ఆసు, జాకీ, ఐదు తెరిచారు. నా ముందే పందెం, దాని మీద పెంపు. వదిలేశాను. నాలుగో ముక్క ఎనిమిది! బల్ల కింద పిడికిలి బిగించి కూర్చున్నాను. పదకొండింటికి ఇంటికొచ్చేసరికి ఆవిడ మెలకువగానే ఉంది. కవరు అందుకుని లెక్కపెట్టింది, 164.

"ఎనిమిదులు వదిలేశాను, తర్వాతి ముక్క ఎనిమిదే వచ్చింది" అన్నాను.

"నలభై ఏడింట్లో రెండే కదా ఉన్నాయి" అంది, కవరు పోపుల డబ్బా వెనక పెడుతూ.