ఆ స్వరానికి నకలు తీయాలంటే...

పెళ్లి మెరవణి కదిలిందంటే ముందు డ్రమ్ములు, వెనక బాకాలు హోరెత్తుతాయి. ఆ హోరులోనూ పాట ఏమిటో మనకు తెలిసేలా చేసేది క్లారినెట్. నంద్యాలలోనైనా, ఆళ్లగడ్డలోనైనా బ్యాండు మేళంలో పల్లవి అందుకునేది అదే. చూడ్డానికి రెండడుగులు దాటిన నల్లటి గొట్టం. వాయించేవాళ్ల ప్రాణం మాత్రం పైన నోట్లో పెట్టుకునే చిన్న ముక్కలో ఉంటుంది. పేరు మౌత్‌పీస్. పొడవు జానెడైనా ఉండదు!

ఏళ్ల తరబడి వాయించిన ఆ ముక్క చేయిజారి అంచు విరిగిందనుకోండి. ముహూర్తం ఆగదు, ఒప్పుకొన్న మేళమూ ఆగదు. 'కొత్తది కొంటే పోలా?' అంటారేమో. చిక్కంతా అక్కడే ఉంది. అదే కంపెనీ, అదే నంబరు తెచ్చినా పాత స్వరం పలుకుతుందన్న నమ్మకం లేదు. అందుకే నచ్చిన మౌత్‌పీస్ బాగున్నప్పుడే నిపుణుడి దగ్గర దానికి నకలు చేయించుకుంటారు కొందరు. మరి, స్వరానికి నకలు తీయడం సాధ్యమేనా?

వెంట్రుకంత తేడా

మౌత్‌పీస్ ఒకవైపు చదునుగా ఉంటుంది. దానికి రీడ్ అనే పలచటి రేకును బిగిస్తారు. అది వెదురును పోలిన ఓ గడ్డిజాతి మొక్క కాడతో చేసింది. ఫ్రాన్స్ దక్షిణాన వార్ ప్రాంతంలో పండే కాడకు ఇందులో పెద్ద పేరు. రీడ్‌కూ మౌత్‌పీస్ కొసకూ మధ్య సన్నటి సందు ఉంటుంది. ఊదితే రీడ్ ఆ సందును మూస్తూ తెరుస్తూ కంపిస్తుంది. అదే స్వరమవుతుంది.

ఆ సందు ఎంతుంటుందో తెలుసా? ఇంచుమించు ఒక మిల్లీమీటరు! ఫ్రాన్స్‌కు చెందిన వాండోరెన్ కంపెనీ మోడళ్లలో 5ఆర్‌వీకి 1.065 మిల్లీమీటర్లు, బీ45కి 1.195. రెండింటికీ తేడా 0.13. అంటే సుమారు రెండు వెంట్రుకల మందం. అంత చిన్న తేడాకే ఊదే బలం మారుతుంది, రీడ్ మందం మారుతుంది, నాదం మారుతుంది. సందు ఒక్కటే కాదు... రీడ్ ఆనే పట్టాలు కొస వైపు ఎంత వంపు తిరిగాయి, లోపలి గది ఎంత వెడల్పు, పైకప్పు ఎంత పల్లం... అన్నీ కలిస్తేనే ఆ గొంతు. పైగా వాడేకొద్దీ రీడ్ ఒరుసుకుని పట్టాలు అరుగుతాయి. తుడిచే గుడ్డకు లోపలి గొట్టమూ కొద్దికొద్దిగా అరుగుతుంది. పదేళ్లు వాయించిన ముక్క ఏ దుకాణంలోనూ దొరకనిది ఇందుకే.

మెకానిక్ షెడ్‌లో ఉండేదే!

కొలతకు వాడే పనిముట్లు వింటే ఆశ్చర్యమేస్తుంది. గీతలున్న ఓ గాజు పలక, ఫీలర్ గేజ్ రేకులు. బండి టాపెట్లు సరిచేసేటప్పుడు మెకానిక్ సందులో దూర్చి చూస్తాడే, ఆ రేకులే. మౌత్‌పీస్ చదును భాగాన్ని గాజు మీద ఆనించి, ఒక్కో మందం రేకు ఎంత లోపలికి వెళ్లి ఆగిందో రెండు పట్టాలకూ రాసుకుంటారు. అలా నాలుగైదు అంకెలు వస్తే వంపు కాగితం మీదికి వచ్చినట్టే. లోపలి గదిని మాత్రం రేకులతో కొలవలేం. దానికి సిలికాన్ పోసి అచ్చు తీస్తారు కొందరు.

తర్వాత ఎబోనైట్ పని. రబ్బరులో గంధకం ఎక్కువగా కలిపి ఉడికిస్తే వచ్చే గట్టి నల్లటి పదార్థమది. పైరూపం, మధ్య రంధ్రం లేత్ మీద వస్తాయి. అసలు పని ఆ తర్వాతే. సన్నటి ఆకురాయి, గాజు మీద పరిచిన గరుకు కాగితం పట్టుకుని చేత్తో నాలుగు రుద్దులు... ఊదించి వినడం. మళ్లీ రెండు రుద్దులు... మళ్లీ వినడం. ఒక్క రుద్దు ఎక్కువైందా, తీసేసిన పొడిని తిరిగి అంటించలేరు.

రాతికీ ఇదే నియమం

ఈ మాట ఆళ్లగడ్డ శిల్పులకు కొత్తేమీ కాదు. నంద్యాల నుంచి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరి రాతిశిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. రాతి పనిలోనూ ఎక్కువ చెక్కితే సరిదిద్దుకునే దారి ఉండదు. నకలు అవసరమూ ఉంటుంది. మూలవిగ్రహం భిన్నమైతే పూజకు పనికిరాదంటారు. అదే పోలికతో కొత్తది చెక్కించాలి.

అయితే శిల్పి లెక్క వేరు. శిల్పశాస్త్రంలో తాళమానం ఉంది. ముఖం పొడవు ఒక తాళం, తాళానికి 12 అంగుళాలు. ఈ అంగుళం స్కేలు మీదిది కాదు, ఆ విగ్రహం లోంచే పుట్టింది. ఉత్తమ దశతాళ విగ్రహం మొత్తం ఎత్తు 124 అంగుళాలు. కాబట్టి అడుగు విగ్రహాన్ని ఆరడుగులకు పెంచినా పోలిక చెడదు. క్లారినెట్ మౌత్‌పీస్‌కు ఈ వెసులుబాటు లేదు. నిష్పత్తి అదే ఉంచి కాస్త పెంచినా శ్రుతి తప్పుతుంది. శిల్పానికి కావలసింది పోలిక, స్వరానికి కావలసింది కొలత! రెండూ కలిసేది చివరి ఘట్టంలో. విగ్రహానికి నయనోన్మీలనం ఎలాగో, మౌత్‌పీస్‌కు కొస దిద్దడం అలాగ. ప్రాణం వచ్చేది అప్పుడే.

ఎవరి ఊపిరి వారిది

క్లారినెట్ జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో 1700 ప్రాంతంలో యోహాన్ క్రిస్టోఫ్ డెన్నర్ చేతిలో రూపుదిద్దుకుంది. సైనిక బ్యాండ్లతో మన దేశానికి వచ్చింది. 19వ శతాబ్దంలో మహాదేవ నట్టువనార్ దాన్ని నాట్యమేళంలోకి తెచ్చారని చెబుతారు. తిరుచిరాపల్లికి చెందిన ఎ.కె.సి. నటరాజన్ దానిమీద కర్ణాటక సంగీతాన్ని కచేరీ స్థాయిలో పలికించారు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు. గమకం పలకాలంటే స్వరాన్ని వేళ్లతోనూ పెదవితోనూ వంచాలి. సింఫనీలో వాయించే వ్యక్తికి అది అంతగా అక్కర్లేదు. కనుక నకలు చేసే నిపుణుడు ముక్కనే కాదు, దాన్ని వాయించే మనిషినీ వినాలి.

మరి యంత్రాలో? కనెక్టికట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సాక్సోఫోన్ సృష్టికర్త అడాల్ఫ్ సాక్స్ కాలపు మౌత్‌పీస్‌ను సీటీ స్కాన్ తీసి, త్రీడీ ప్రింటర్‌తో నకలు చేశారు. కొలతలకు అంతకన్నా మంచి దారి లేదు. నప్పిందో లేదో తేల్చాల్సింది మాత్రం చెవే.

ముందే మేలుకుంటే...

* అసలు ముక్క బాగున్నప్పుడే కొలతలు తీయించి రాసి పెట్టుకోవాలి. విరిగిన కొసకు కొలతలుండవు.

* రోజూ వాడే రీడ్‌తోనే నకలును ఊది చూడాలి. రీడ్ మారిస్తే తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు.

* నచ్చకపోతే నకలునే దిద్దించాలి. అసలు జోలికి పోకూడదు.

* ఎబోనైట్‌ను వేడినీళ్లలో కడగకూడదు, ఎండలో ఉంచకూడదు. వంపు చెడుతుంది, నలుపు పచ్చబారుతుంది.

ఇంత చేసినా నకలు అచ్చం అసలులా పలకదేమో. తొలిరోజు కొత్త చెప్పులా ఇబ్బంది పెట్టొచ్చు కూడా. కానీ నాలుగు ముహూర్తాలు వాయించేసరికి పెదవి దానికి అలవాటు పడుతుంది. అప్పుడిక పాతదాన్ని పెట్టెలో భద్రంగా దాచుకోవచ్చు... మెరవణి ఆగకుండా!