పికప్ ట్రక్కు కుదుపు: కమాను కట్టల నుంచి గాలి స్ప్రింగుల దాకా

పికప్ ట్రక్కు ఖాళీగా వెళ్తున్నప్పుడు ప్రతి గతుకుకూ వెనక భాగం ఎగిరిపడుతుంది. తొట్టిలో ఒక టన్ను సరుకు పడగానే అదే బండి అదే దారిలో కుదురుగా సాగిపోతుంది. ఇది తయారీ లోపం కాదు. ఒకే జత స్ప్రింగులు రెండు వేర్వేరు బరువులు మోయాల్సి రావడం వల్ల పుట్టే ఇబ్బంది. కారులో వెనక సీటు నిండినా ఖాళీ అయినా ఇరుసు మీద బరువు మరీ అంతగా మారదు. పికప్‌లో అది రెండింతలకు మించి పెరగవచ్చు. నూరేళ్లుగా ఈ బండి సస్పెన్షన్‌లో వచ్చిన పెద్ద మార్పులన్నీ దాదాపుగా ఈ తేడా చుట్టూ తిరిగినవే.

స్ప్రింగు మీద నిలిచిన బరువుకు పైకీ కిందికీ ఊగే వేగం ఒకటి స్వతహాగా ఉంటుంది. దాన్ని లెక్కకట్టడం సులువే. బండి బరువుకు స్ప్రింగు ఎన్ని సెంటీమీటర్లు కుంగిందో చూసి, ఆ అంకె వర్గమూలంతో 5ను భాగిస్తే సెకనుకు ఎన్ని ఊపులో ఇంచుమించుగా తెలుస్తుంది. 25 సెంటీమీటర్లు కుంగితే సెకనుకు ఒక ఊపు. కూర్చున్నవారికి హాయిగా ఉండేది 1 నుంచి 1.5 ఊపుల దాకా. సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే నిలువు అదురుకు మనిషి శరీరం అన్నిటికంటే ఎక్కువగా బాధపడుతుంది.

వెనక స్ప్రింగుల మీద ఖాళీగా 600 కిలోలు, సరుకుతో 1,600 కిలోలు పడే బండిని ఉదాహరణకు తీసుకోవచ్చు. సరుకుతో ఉన్నప్పుడు 1.5 ఊపులు రావాలంటే స్ప్రింగు 11 సెంటీమీటర్లు కుంగాలి. సరుకు దించేశాక ఆ కుంగుబాటులో మిగిలేది 4 సెంటీమీటర్ల పైచిలుకే. ఊపులు సెకనుకు 2.4కు చేరతాయి. డ్రైవరు నడుం పట్టుకుపోయేది ఇక్కడే. పోనీ, ఖాళీ బండిలోనే ఒక్క ఊపు హాయి కావాలనుకుంటే 25 సెంటీమీటర్లు కుంగే మెత్తటి స్ప్రింగు వెయ్యాలి. అప్పుడు టన్ను సరుకు ఎక్కించగానే వెనక భాగం ఇంకో 42 సెంటీమీటర్లు దిగాలి. ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య అంత ఎడం ఏ పికప్‌లోనూ ఉండదు. అందుకే తయారీదారులు గట్టి స్ప్రింగునే ఎంచుకుంటూ వచ్చారు.

ఆ గట్టి స్ప్రింగు వయసు మోటారు బండి కంటే ఎక్కువ. లండన్‌లో ఒబడయా ఎలియట్ గుర్రపు బగ్గీలకు ఉక్కు పట్టీల స్ప్రింగులు (కమాను కట్టలు) అమర్చే పద్ధతికి 1804లో పేటెంటు పొందాడు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కూడా ముందొకటి, వెనకొకటి అడ్డంగా అమర్చిన కమాను కట్టల మీదే నడిచింది. 1925లో ఫోర్డ్ ఆ కారుకే వెనక తొట్టి బిగించి కర్మాగారం నుంచే పికప్‌గా అమ్మడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి పికప్‌ల వెనక ఇరుసును ఎక్కువగా మోస్తున్నది కమాను కట్టే.

అది ఇన్నాళ్లు నిలవడానికి చవక ఒక్కటే కారణం కాదు. కమాను కట్ట ఒకేసారి మూడు పనులు చేస్తుంది. బరువు మోస్తుంది. ఇరుసును ముందుకూ వెనక్కూ పక్కకూ జరగకుండా పట్టి ఉంచుతుంది. ఇంజను తిప్పినప్పుడు, బ్రేకు పడినప్పుడు ఇరుసు మెలిపడకుండా అడ్డుకుంటుంది. కాయిల్ స్ప్రింగు మొదటి పని మాత్రమే చేయగలదు, మిగతా రెండింటికీ విడిగా కడ్డీలు కావాలి. పైగా కమాను కట్టలో ఇంకో సౌలభ్యం ఉంది. కింద ఒకటో రెండో మందపాటి పట్టీలను విడిగా ఉంచితే, బరువు పెరిగి పై పట్టీలు కుంగాకే అవి అందుకుంటాయి. ఖాళీగా కాస్త మెత్తగా, లోడుతో గట్టిగా ఉండే స్ప్రింగు అలా తయారవుతుంది.

లోపం కూడా ఆ కట్టలోనే ఉంది. పట్టీలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటాయి. చిన్న గులకరాయి ఎక్కినప్పుడు పుట్టే బలం ఆ రాపిడిని దాటలేకపోతే కట్ట అసలు వంగదు, అదురు నేరుగా ఛాసిస్‌కు, అక్కడి నుంచి సీటుకు చేరుతుంది. పెద్ద గుంటలో బాగానే పనిచేసే కట్ట చిన్న గరుకుదారిలో పళ్లు కదిలించడానికి కారణం ఇదే. తుప్పు, దుమ్ము చేరిన కొద్దీ ఇది ముదురుతుంది. పట్టీల కొసల మధ్య నున్నటి ప్లాస్టిక్ దిమ్మలు పెట్టడం దీనికి పాత విరుగుడు. అంతకంటే మంచిది పారాబోలిక్ కట్ట. నడిమి భాగం మందంగా ఉండి కొసలకు పోయేకొద్దీ పలచబడే రెండు మూడు పట్టీలతోనే ఇది తయారవుతుంది. పట్టీలు మధ్యలోనూ కొసల్లోనూ తప్ప తగలవు కాబట్టి రాపిడి బాగా తగ్గుతుంది. పొడవు పెంచడం మరో దారి. కట్ట గట్టిదనం దాని పొడవు ఘనానికి విలోమంగా మారుతుంది. మిగతా కొలతలు అలాగే ఉంచి పొడవు పదో వంతు పెంచితే గట్టిదనం నాలుగో వంతు తగ్గుతుంది.

వెనక స్ప్రింగు ఒక్కదాన్నే చూస్తే కథ సగమే తెలుస్తుంది. 1930ల్లో క్యాడిలాక్ సంస్థలో మారిస్ ఆలీ అనే ఇంజనీరు, బరువులను అటూ ఇటూ మార్చగలిగే ప్రయోగ కారుతో ముందు వెనక స్ప్రింగుల పొత్తును పరీక్షించాడు. గతుకు ముందు చక్రాలకు మొదట తగులుతుంది, వెనక చక్రాలకు ఆలస్యంగా తగులుతుంది. వెనక ఊపు ముందు ఊపు కంటే కొద్దిగా వేగంగా ఉంటే ఆ ఆలస్యం త్వరలోనే పూడిపోయి, బండి రెండు కొసలూ కలిసి పైకీ కిందికీ కదులుతాయి. అలా కాకపోతే ముక్కు లేచినప్పుడు తోక దిగుతుంది, తల ముందుకూ వెనక్కూ ఊగిపోతుంది. ఖాళీ పికప్‌లో వెనక ఊపు కొద్దిగా కాదు, మరీ ఎక్కువ వేగంగా ఉంటుంది. కాబట్టి ముందు స్ప్రింగులు మాత్రమే మెత్తవి వేసి బండి మెత్తబడుతుందని ఆశపడటం పొరపాటు. అలా చేస్తే ముందు వెనకల మధ్య తేడా ఇంకా పెరుగుతుంది.

కమాను కట్టను వదిలే సాహసం అమెరికాలో 1960లో షెవ్రొలే చేసింది. ఆ ఏడాది దాని పికప్‌లకు ముందు చక్రాలు విడివిడిగా కదిలే సస్పెన్షన్ వచ్చింది, వెనక పొడవాటి రెండు చేతులూ కాయిల్ స్ప్రింగులూ వచ్చాయి. ఆ వెనక అమరిక ఎంత పటిష్ఠమైనదో చెప్పడానికి, నాస్కార్ అగ్రశ్రేణి పందెపు కార్లు 2021 దాకా దాని వారసత్వంతోనే నడిచాయన్నది చాలు. అయినా 1973లో షెవ్రొలే పికప్‌ల వెనక భాగానికి మళ్లీ కమాను కట్టలే వచ్చాయి. 2009 డాడ్జ్ రామ్ 1500 అయిదు కడ్డీలతో, కాయిల్ స్ప్రింగులతో ఆ దారిని తిరిగి తెరిచింది. ఎక్కువ బరువు మోసే రామ్ 3500లో మాత్రం కట్టలే కొనసాగాయి. హోండా రిడ్జ్‌లైన్, ఆ తర్వాత విద్యుత్తుతో నడిచే రివియన్ ఆర్1టి, ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్ వెనక చక్రాలను కూడా విడదీశాయి. చక్రాలను తిప్పే యంత్రాంగం బరువు చక్రంతో పాటు ఎగిరే ఇరుసు మీద కాక ఛాసిస్ మీద ఉండటం వీటి అసలు బలం. తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్ ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాను కట్టలు ఉన్న నడిమి దారి బండి.

షాక్ అబ్జార్బర్ బరువు మోయదు. స్ప్రింగులో చేరిన శక్తిని నూనెతో వేడిగా మార్చి, మొదలైన ఊపును ఆపడమే దాని పని. మామూలు రెండు గొట్టాల షాక్‌లో గతుకుల దారి పొడవునా నూనె, గాలి కలిసి నురగ కట్టి పట్టు సడలుతుంది. 1953లో ఫ్రాన్స్‌లో డి కార్బన్ తీసుకొచ్చిన ఒకే గొట్టం షాక్‌లో, కదిలే బిళ్ల ఒకటి నూనెనూ అధిక పీడనంలో ఉన్న నైట్రోజన్‌నూ వేరుచేస్తుంది కనుక ఈ బెడద ఉండదు. బండి కొన్నాక చేసే మార్పుల్లో ఖర్చుకు తగిన ఫలితం ఎక్కువగా ఇచ్చేది మంచి షాక్‌లే. అయితే నిండు లోడుకు సరిపడే బిగువున్న షాక్ ఖాళీ బండికి ఎక్కువవుతుంది. కాబట్టి రోజూ మోసే బరువెంతో చూసుకుని ఎంచుకోవాలి.

వాటికంటే ముందు చూడాల్సింది టైర్లలో గాలి. పూర్తి లోడుకు నింపిన గాలితో ఖాళీగా తిరిగితే టైరే గట్టి స్ప్రింగవుతుంది. తయారీదారు ఖాళీ బండికి తక్కువ పీడనం సూచించి ఉంటే అంతకే దించాలి. తర్వాత అరిగిన బుష్‌లు, బిగుసుకున్న షాకిల్ పిన్నులు, ఇరుసుకు మరీ దగ్గరగా ఉండి ప్రతి గుంటకూ తగిలే రబ్బరు దిమ్మలు చూడాలి. ఇవన్నీ సరిగా ఉండి కూడా కుదుపు తగ్గకపోతేనే కట్ట మార్చే ఆలోచన చేయాలి. కాస్త మెత్తటి కట్ట, దానికి తోడు ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య గాలి స్ప్రింగులు వేస్తే మొదట చెప్పిన లెక్కకు సూటిగా జవాబు దొరుకుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు గాలి తగ్గించుకోవచ్చు, సరుకెక్కాక నింపుకోవచ్చు.

గ్యారేజీల్లో తరచుగా చేసే పని మాత్రం కట్టలోంచి ఒక పట్టీ తీసేయడం. బండి వెంటనే మెత్తబడుతుంది, నిజమే. కానీ ఆ పట్టీ మోసిన బరువు మిగతా పట్టీల మీద పడుతుంది, అవి త్వరగా అలసి విరుగుతాయి, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే ఇరుసు మెలిపడి చక్రాలు నేల మీద తడబడతాయి. చాలా పికప్‌లలో వెనక బ్రేకు పీడనాన్ని నిర్ణయించే వాల్వు ఇరుసుకు ఒక కడ్డీతో కలిసి ఉంటుంది. ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఎడం తగ్గితే ఆ వాల్వు లోడు పెరిగిందనుకుని ఖాళీ బండి వెనక చక్రాలకు ఎక్కువ బ్రేకు పంపుతుంది, తడి రోడ్డు మీద చక్రాలు పట్టేసి బండి పక్కకు తిరిగిపోవచ్చు. అందుకే ఎత్తు మారే ఏ మార్పు చేసినా ఆ కడ్డీని తిరిగి సరిచేయించాలి, చక్రాల అలైన్‌మెంటు, హెడ్‌లైట్ల కోణం చూపించుకోవాలి. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నియంత్రిస్తుంది కనుక, మోసే బరువుకు సంబంధించిన మార్పేదైనా రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకున్నాకే చేయించాలి.