పెరటి బోరు నీళ్లు, దాని చుట్టూ ఉన్న నేల

ఆసుపత్రి నుండి ఇంటికి తీసుకువెళ్లాక మీ మనిషికి మీరు మొదట ఇచ్చేది గ్లాసెడు నీళ్లు. అవి పెరట్లోని బోరు నీళ్లయితే ఈ పేజీ కాస్త ఓపికగా చదవండి. విరేచనాలకో, కీళ్ల బిగుతుకో మందులిచ్చి పంపినా, మళ్లీ అవే నీళ్లు తాగితే కొన్ని జబ్బులు తిరగబెడతాయి, కొన్ని ముదురుతాయి.

"నీళ్లు తేటగానే ఉన్నాయండీ, తాతల నాటి నుండి తాగుతున్నాం" అంటారు చాలామంది. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు. తాగే నీటిలో ఉండే మోతాదులో రుచీ తెలియదు. నైట్రేటూ అంతే. పైగా తాతలు తాగింది చేదబావి నీళ్లు. మనం తాగేది వందల అడుగుల లోతు నుండి వచ్చేవి. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలోకి రాతిలోని ఫ్లోరైడు ఎక్కువగా కరుగుతుంది.

మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును వైద్యులు మొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే గుర్తించారు. నల్గొండ సంగతి అందరికీ తెలిసిందే. ఇంట్లో ముగ్గురు పిల్లలకు పళ్లు గారపడితే వంశపారంపర్యం అనుకుంటారు, ముగ్గురూ పెరిగింది ఒకే బోరు నీళ్లతోనని మరచిపోతారు. ఒకసారి వంగిన ఎముకను మందులతో తిరిగి నిలబెట్టలేం. కాబట్టి పిల్లల పళ్లపై మచ్చలు కనబడినప్పుడే మేలుకోవాలి.

పరీక్షకు ముందు ఒకసారి మీ స్థలమంతా తిరిగి చూడండి. బోరుకు యాభై అడుగుల లోపు మరుగుదొడ్డి గుంట ఉందా? పెంటకుప్ప, పశువుల పాక బోరుకన్నా ఎత్తున ఉన్నాయా? బోరు చుట్టూ సిమెంటు గట్టు పగిలి, మురుగు అక్కడే నిలుస్తోందా? పురుగుమందు డబ్బాలు కడిగేది ఎక్కడ?

తర్వాత నేలను చూడండి. అడుగు లోతు గుంట తీసి నీళ్లు పోయండి. అవి ఇంకాక మళ్లీ పోసి, ఎంతసేపటికి ఇంకుతాయో గమనించండి. చల్కా నేలలో తొందరగా ఇంకుతాయి. అంటే దొడ్డి గుంటలోని మురికి కూడా అంత తొందరగానే కిందికి దిగగలదు. నల్లరేగడి నిదానంగా ఇంకుతుంది గానీ, ఎండాకాలం నెర్రెలు బారినచోట తొలకరి వాన నేరుగా లోపలికి పోతుంది. నేలపై తెల్లటి చవుడు పొంగుతుంటే అక్కడ క్షారం ఎక్కువ. అలాంటి చోట నీటిలో ఫ్లోరైడు తప్పక ఉంటుందని కాదు, పరీక్ష మాత్రం తప్పక చేయించాలి.

యెరికో పట్టణస్థులు ఎలీషా దగ్గరకు వచ్చినప్పుడు నీళ్లు బాగాలేవనీ, నేల పండడం లేదనీ రెండూ కలిపే చెప్పుకున్నారు. వాళ్లకు తెలిసిన ఆ సంబంధాన్ని మనం మరచిపోయాం.

ఇక శాంపిలు సంగతి. ఇక్కడే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. ట్యాంకు నీళ్లు కాదు, బోరు నీళ్లే పట్టాలి. మోటారు పది నిమిషాలు ఆడనిచ్చి, శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో మూడుసార్లు తొలిచి నింపండి. ఊరు, తేదీ, బోరు లోతు రాసి అంటించండి. క్రిముల పరీక్షకు ఈ సీసా పనికిరాదు. దానికి ప్రయోగశాల వారే వేడిచేసి శుద్ధిచేసిన సీసా ఇస్తారు. దాన్ని తొలవకూడదు. నింపి, ఐసులో పెట్టి అదే రోజు అందజేయాలి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో ఈ పరీక్షలు చేస్తారు. ఎండాకాలం ఒకసారి, వానల తర్వాత ఒకసారి చేయించడం మంచిది. పొలం మట్టికి వ్యవసాయ శాఖ వారిని అడగండి. పది చోట్ల ఆరంగుళాల లోతు మట్టి తీసి, కలిపి, అరకిలో నీడన ఆరబెట్టి ఇస్తే చాలు. పెంటకుప్ప దగ్గర, చెట్ల కింద మట్టి తీయకండి.

రిపోర్టులో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే ఆధారం లేనప్పుడు కూడా 1.5 దాటకూడదు. నైట్రేటు 45 దాటితే ఆ నీళ్లతో పసిబిడ్డకు డబ్బాపాలు కలపకండి. పెదవులు నీలిరంగుకు తిరిగే ప్రమాదం ఉంది. అదే బోరు నీళ్లు తాగే పెద్దవాళ్లకు ఏమీ తెలియకపోవచ్చు. మలక్రిములు అసలు ఉండకూడదు.

కాచి చల్లార్చితే అన్నీ పోతాయనుకోకండి. కాస్తే క్రిములు చస్తాయి. కానీ ఫ్లోరైడు, నైట్రేటు పోవు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడతాయి. వాటికి శుద్ధిచేసిన కుళాయి నీరో, ఆర్వో నీరో, శుభ్రంగా పట్టిన వాన నీరో కావాలి. తాగడానికే కాదు, వంటకు కూడా అవే వాడండి. ఎక్కువమంది వదిలేసేది ఈ వంట నీళ్లనే. స్నానానికి, బట్టలకు బోరు నీళ్లు వాడుకోవచ్చు.

మళ్లీ చెకప్‌కు వచ్చేటప్పుడు ఆ రిపోర్టును రోగి ఫైలులో పెట్టి తీసుకురండి. ఆ నీళ్లు ఎన్నేళ్లుగా తాగుతున్నారో కూడా డాక్టరుగారికి చెప్పండి.