మెట్టచేని వసంతం

వసంతమనగానే మన విద్యార్థుల కలం మూడు మాటల దగ్గర ఆగుతుంది: మావిచిగురు, మలయమారుతం, కోకిల. వ్యాసపత్రాలు దిద్దిన ప్రతి ఉపాధ్యాయునికీ ఇది అనుభవమే. నేరం పిల్లలది కాదు. మనం పాఠం చెప్పే ఋతువర్ణనలు చాలవరకు నీటివసతి గల తోటలను చూచి వ్రాసినవి. లేదా, అట్లు వ్రాసిన పూర్వులను చదివి వ్రాసినవి. పత్తికొండ ప్రాంతంలో పుట్టిన పిల్లవానికి వాకిట మామిడితోపు ఉండదు. వాని కన్నుల ఎదుట ఉన్నది నల్లరేగడి చేను, గట్టున రెండు వేపచెట్లు, అవతల ఎర్రనేల, దానిని ఆనుకొని రాతిగుట్ట. ఏడాదికి అయిదారు వందల మిల్లీమీటర్ల వాన కురిస్తే దేవునికి దండం పెట్టుకొనే సీమ ఇది. ఇట్టి చోటికి వసంతం రాదా అంటే, వస్తుంది. అది వచ్చే త్రోవ మాత్రం వేరు.

పత్తికొండకు కొంత దూరంలో మా కుటుంబానికి పదునాలుగు ఎకరాల మెట్ట ఉన్నది. సేద్యం మా తమ్మునిది. ఆదివారం నాడు పోయి గట్టున కూర్చుండే భాగ్యం నాది. ముంగారి పైరైన వేరుసెనగ దీపావళి నాటికి ఇల్లు చేరుతుంది. హింగారిలో వేసిన శనగ, జొన్న మాఘమాసంలో కోతకు వస్తవి. శివరాత్రి దాటేసరికి చేను బోసిపోతుంది. కావ్యాలలో వసంతం నిండుదనానికి పేరు. మా వైపు అది ఖాళీ అయిన నేల మీదికి దిగుతుంది. జొన్న కొయ్యకాళ్లు, నెరెలు విచ్చిన రేగడి, ఆకు రాల్చిన చెట్లు తప్ప మరేమీ ఉండవు. కాబట్టే పిట్టకు దాగడానికి చోటు చాలదు. పక్షులను చూడ గోరేవానికి ఇంతకు మించిన అనుకూలత ఎక్కడ దొరుకుతుంది?

నేను పక్షులను మొదట చూచినది వాటిని తరమడానికే. జొన్న పాలుపట్టిన నాటి నుండి కోత వరకు మంచె ఎక్కి వడిసెల త్రిప్పడం మా ఇంటి పిల్లల పని. తెల్లవారుతూనే పడమటి దిక్కు నుండి మేఘం వలె ఒక గుంపు లేచి వచ్చేది. గోరువంకకు దగ్గరి చుట్టాలే, కాని తల, రెక్కలు నలుపు, ఒడలు లేత గులాబి రంగు. మా తాత వాటిని దొంగమూక అనేవాడు. వేల పిట్టలు ఒక్కసారి ఎడమకు తిరిగేవి, ఒక్కసారి కుడికి తిరిగేవి. వడిసెల రాయి అటు పోయేలోగా ఇటు వాలేవి. గులాబి గోరువంకలని ఇప్పుడు పుస్తకాలలో వ్రాస్తున్న పక్షులివి. మధ్యాసియా పచ్చిక బయళ్లు వీటి పుట్టినిల్లు. చలికాలం గడపడానికి మన దేశం వస్తవి. జొన్న అన్నా, మిడత అన్నా వీటికి ప్రాణం.

ఈ దొంగలే ఫాల్గుణంలో మరొక వేషం ధరిస్తారు. మా చేని సరిహద్దులో మోదుగుచెట్లు మూడు ఉన్నవి. వాగు దగ్గర ఒక బూరుగు. ఆకు లేకుండా ఒక్కసారిగా ఎర్రబడే ఈ చెట్ల కోసం గుంపంతా జొన్నను మరచి అటు మళ్లుతుంది. పూవులోని తేనె కొరకు ముక్కు దూర్చినపుడు నుదుటికి పుప్పొడి అంటుకొంటుంది. అది మరొక పూవుకు చేరుతుంది. గింజ దోచుకొన్న పిట్ట చెట్టుకు కాయ కాయించి పోతున్నదన్న మాట. చైత్రం చివరికి ఒక ఉదయం చూస్తే ఒక్కటీ ఉండదు. వేల మైళ్ల అవతల, అక్కడ మిడతలు పుట్టే వేళకు, అవి గూడు కట్టుకోవాలి. వసంతాగమనమని మనం అంటాం గాని మా చేనిలో వసంతమంటే సగం ప్రయాణపు సన్నాహమే.

చలికాలమంతా చేని మీద నేలకు బారెడెత్తున, రెక్కలు కొంచెం పైకెత్తి, తేలుతూ పోయే పిల్లిగద్ద కూడ ఈ బాటసారులలోనిదే. మామూలు గద్ద వలె ఆకాశంలో చుట్లు తిరుగదు. పిల్లి వలె నేలను వెదుకుతుంది. పేరు పెట్టినవాడు ఎవడో గాని చూడనేర్చినవాడు. మిడతలను, చిన్న పిట్టలను పట్టి తిని, రాత్రివేళ చెట్టెక్కక గడ్డిలోనే పడుకొంటుంది. హోలీ పండుగకు అటూ ఇటూ ఇది ఉత్తరానికి సాగుతుంది. కాటుకపిట్టలదీ ఇదే దారి.

ఇక కోకిల. ఇది ఎక్కడి నుండీ రాదు. ఏడాది పొడుగునా మా వేపచెట్టు మీదనే ఉంటుంది. చలికాలంలో నోరు విప్పదు, అంతే. వసంతంలో వచ్చేది పక్షి కాదు, దాని గొంతు. ఆ గొంతు కూడ మగదానిది. ఎర్రని కన్నులు, నిగనిగలాడే నలుపు గల పోతు కూస్తుంది. ఒంటినిండ చుక్కలు గల పెంటి తొందర తొందరగా కిక్ కిక్ మంటుందే గాని పాడదు. కోకిలను స్త్రీగా భావించి మన కవులు ఎంతో మధురమైన కవిత్వం చెప్పినారు. దానిని తగ్గించడం నా ఉద్దేశం కాదు. కాని సంస్కృత నిఘంటుకారుల చూపు ఎంత నిశితమో గమనించండి. కాకికి పరభృత్తు అని పేరు, అనగా పరులను పోషించేది. కోకిలకు పరభృతమని పేరు, అనగా పరులచే పోషింపబడేది. ఒక్క ప్రత్యయభేదంలో రెండు పక్షుల సంసారాన్ని ఇమిడ్చినారు. కాకి ఎండలు ముదిరిన తరువాత గూడు కడుతుంది. ఆ గూటిలో గ్రుడ్డు పెట్టవలసిన జాతి కనుక కోకిల ఫాల్గుణం నుండే గొంతు సవరించుకొంటుంది.

పాలపిట్టను దసరానాడు చూడడం శుభమని ఊరంతా పొలిమేరకు పోతుంది. నన్నడిగితే దానిని చూడవలసినది ఫాల్గుణ చైత్రాలలో. మగపిట్ట నిట్టనిలువుగా పైకి లేచి, కేకలు పెడుతూ, పల్టీలు కొడుతూ దిగుతుంది. రెక్కలలోని నీలాలు రెండూ అప్పుడు గాని పూర్తిగా బయటపడవు. పసులపోలిగాడు ఎద్దు వీపు మీద నుండి లేచి దానిని కూడ తరుముతాడు. పిడికెడు పిట్టకు అంత పౌరుషం!

ఈ పేర్లను గురించి ఒక మాట చెప్పవలసి ఉన్నది. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల వారి శబ్దరత్నాకరం ఎంత గొప్ప గ్రంథమో తెలుగు ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు. అయినను పిట్టల పేర్ల వద్దకు వచ్చేసరికి మన నిఘంటువులు తరచు 'పక్షివిశేషము' అని ఊరుకొంటవి. ఏ పక్షి, ఏ విశేషం? అంతకు ఇరవై ఏండ్ల ముందే, 1862-64 మధ్య ప్రచురితమైన తన భారతదేశ పక్షుల గ్రంథంలో జెర్డన్ అనే ఆంగ్ల వైద్యుడు ఒక్కొక్క పక్షికి తెలుగు పేరును కూడ వ్రాసి పెట్టినాడు. ఆయన నెల్లూరులో ఉద్యోగం చేసినవాడు. పిల్లిగద్ద, పసులపోలిగాడు, కూకుడుగువ్వ వంటి మాటలు అందులో ఆంగ్లాక్షరాలలో ఉన్నవి. పండితుడు వదలిన మాటను పరదేశి ఏరుకొన్నాడు. ఆయన పేరుతోనే శాస్త్రజ్ఞులు వ్యవహరించే కలివికోడి 1900 తరువాత ఎవరికీ కనబడక, నశించినదని అందరూ అనుకొన్న తరువాత, 1986లో కడప జిల్లాలో దొరికినది. రాత్రివేళ దానిని పట్టి తెచ్చినవాడు విద్వాంసుడు కాడు, ఆ అడవి తెలిసిన స్థానికుడు. పేరు నిలిచిన చోట పిట్ట కూడ నిలిచి ఉండవచ్చునని నాకు అప్పుడప్పుడు తోస్తుంది.

ఇక్కడి రాళ్లు కూడ ఒక పక్షిని ఎరుగును. పత్తికొండ సీమలోని ఎర్రగుడి బండల మీద అశోకుని శాసనాలు ఉన్నవి. వాటిలో మొదటిది రాజుగారి వంటశాలను గూర్చినది: పూర్వం లెక్కలేనన్ని ప్రాణులను చంపేవారు, ఇప్పుడు రోజుకు రెండు నెమళ్లు, ఒక లేడి మాత్రమే, ఇకమీదట అవి కూడ ఉండవు అని దాని సారాంశం. ఇరవై రెండు శతాబ్దాలు దాటిన తరువాత, విత్తిన వేరుసెనగ గింజలను పెళ్లగించే నెమళ్లను చూచి మా తమ్ముడు అశోకుని మీదనే విసుగుకొంటాడు. ఆ విసుగులో న్యాయం లేకపోలేదు.

మా పొలంలో రెండెకరాలు బీడు. రాయి ఎక్కువ, మట్టి తక్కువ; గడ్డి తప్ప పెరుగదు. పిల్లిగద్దలు తిరిగేది ముఖ్యంగా అక్కడే. జొన్న వెనుకకు పోయి పత్తి ముందుకు వచ్చిన ఈ రోజులలో ఇట్టి బీళ్లు ఒక్కొక్కటిగా దున్నబడుతున్నవి. దీని ఫలితం తెలియాలంటే దూరం పోనక్కరలేదు. మన పొరుగున, ఇప్పటి నంద్యాల జిల్లాలో, రోళ్లపాడు గడ్డిమైదానం ఉన్నది. బట్టమేక పిట్ట కోసం 1988లో దానిని అభయారణ్యంగా ప్రకటించినారు. మీటరు ఎత్తు పక్షి. సాధారణంగా ఏడాదికి ఒక్క గ్రుడ్డు పెడుతుంది, అదీ గూడు లేకుండా నేల మీద. అభయారణ్యానికి కంచె వేసినారు గాని చుట్టూ సాగునీరు వచ్చి పంటలు మారినవి, బీళ్లు పోయినవి. బట్టమేక అక్కడ కనబడడమే అపురూపమైనది. లోకం మొత్తంలో మిగిలినవి సుమారు 150 అని అంచనా. వాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్ ఎడారిలో ఉన్నవి.

మా బీడును దున్ని పత్తి వేయాలని తమ్మునికి రెండేండ్లుగా ఆలోచన. విత్తనానికి, ఎరువుకు, కూలికి అప్పు తెచ్చేవాడు అతడు. గట్టున కూర్చుండి పిట్టలను లెక్కించే నేను 'వద్దు' అనడం ఎంత సులభమో నాకు తెలియనిది కాదు. అందుచేత వద్దనలేదు. కిందటి వేసవిలో ఒక జల్లు పడి దుక్కికి అదును వచ్చినపుడు అతడే నన్ను పిలిచినాడు. "అన్నా, ఈడ చూడు."

తీతువుపిట్ట మా నెత్తిపై చుట్లు తిరుగుతూ అరుస్తున్నది. నేల మీద, గులకరాళ్ల నడుమ, మొనలు లోపలికి పెట్టి నాలుగు గ్రుడ్లు. రంగు మట్టిది, మచ్చలు రాతివి. వ్రేలితో చూపితే గాని కనబడవు. ట్రాక్టరు నడిపే కుర్రవాడు వాటికి నాలుగువైపులా నాలుగు పుల్లలు పాతి, చేని ఆ మూలను వదలి, మిగిలినదంతా దున్నినాడు. బీటికి ఆ యేడు నాగలి రాలేదు. ఈ సంవత్సరం సంగతి తమ్ముడు ఇంకా చెప్పలేదు. వేప పూత మొదలైనది, వానకు ఇంకా మూడు నెలలు ఉన్నది.