ఇంటి పీసీకి డ్యూయల్ కోర్: కొనేముందు టాస్క్ మేనేజర్‌ని అడగండి

2012లో ఏ ఫోన్ గురించి మాట్లాడినా మొదటి ప్రశ్న ఒకటే ఉండేది: డ్యూయల్ కోరేనా? అంతకు ముందు ఏడాది, అంటే 2011లో, ఎల్‌జీ ఆప్టిమస్ 2ఎక్స్, శాంసంగ్ గెలాక్సీ ఎస్2 లాంటివి వచ్చాక రెండు కోర్లు జేబులోకి వచ్చేశాయి. కానీ హాల్లో ఓ మూల కవర్ కప్పుకుని కూర్చున్న డెస్క్‌టాప్ సంగతి? చాలా ఇళ్లలో అది అప్పటికి ఇంకా పెంటియమ్ 4 దగ్గరే ఉండేది.

భవానీపురంలో మా ఇంట్లోదీ అదే బాపతు. 2004లో కొన్నాం. పెంటియమ్ 4, 2.8 గిగాహెర్ట్జ్, 512 ఎంబీ ర్యామ్, 80 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ ఎక్స్‌పీ. అయితే ఇది పాటలు వినడానికి ఉంచుకున్న సిస్టమ్ కాదు. నాన్న దీని మీద ఇంట్లోనే డీటీపీ చేస్తారు. పెళ్లి కార్డులు, పాంప్లెట్లు, బిల్ బుక్కులు. ఒకేసారి పేజ్‌మేకర్, ఫోటోషాప్, కోరల్‌డ్రా, వెనకాల అను స్క్రిప్ట్ మేనేజర్, ఓ మూల యాంటీవైరస్ తెరిచి ఉంటాయి. ముహూర్తాల సీజన్‌లో కస్టమర్ పక్కనే కుర్చీ వేసుకుని ప్రూఫ్ దిద్దిస్తుంటే స్క్రీన్ బిగుసుకుపోతే, ఆ కస్టమర్ రెండోసారి రాడు. అందుకే ఈ అప్‌గ్రేడ్ మా ఇంట్లో సరదా కోసం చేసింది కాదు.

విజయవాడలోనే ఓ షాపులో అడిగితే "ఇది పక్కన పడేసి క్వాడ్ కోర్ కొత్త సిస్టమ్ తీసుకోండి" అన్నారు. నాన్న ప్రశ్న వేరు: "ఒరేయ్, కొత్తది కొంటే నా పాత ఫైళ్లు తెరుచుకుంటాయా?" ఈ రెండింటి మధ్యా నేను చేసిన పని, అందులో మీకు పనికొచ్చేది ఇక్కడ రాస్తున్నాను.

రెండు కోర్లు అసలెందుకు వచ్చాయి?

ఒకప్పుడు వేగం అంటే గిగాహెర్ట్జే. ఆ సంఖ్య పెంచేకొద్దీ వేడి, కరెంటు ఖర్చు అదుపు తప్పాయి. పెంటియమ్ 4 తర్వాత రావాల్సిన తేజస్ అనే చిప్‌ని ఇంటెల్ 2004 మే నెలలో రద్దు చేసుకుంది. సరిగ్గా ఏడాదికి, 2005 మేలో, ఇంటెల్ నుంచి పెంటియమ్ డి, ఏఎండీ నుంచి అథ్లాన్ 64 ఎక్స్2 డెస్క్‌టాప్‌లకి వచ్చాయి. 2006 జూలైలో కోర్ 2 డ్యువో వచ్చాక డ్యూయల్ కోర్ మామూలు ఇళ్లకీ చేరింది.

డీటీపీ సెంటర్ లెక్కలో చెప్పాలంటే, కోర్ అంటే ఆపరేటర్. ఒక్కడే ఉంటే కంపోజింగ్ చేస్తూ, మధ్యలో లేచి ప్రింట్ తీసి, మళ్లీ వచ్చి కూర్చోవాలి. ఇద్దరుంటే ఒకరు కంపోజింగ్, ఇంకొకరు ప్రింటింగ్. కానీ ఒకే పేజీని ఇద్దరూ ఒకేసారి టైప్ చేయలేరు కదా. అలాగే ఒకే కోర్ కోసం రాసిన ప్రోగ్రామ్ రెండు కోర్లున్నా రెట్టింపు వేగంతో నడవదు. ఇక ర్యామ్ అంటే వాళ్ల టేబుల్. కాగితాలు పరచడానికి టేబుల్ మీద చోటే లేకపోతే పది మంది ఆపరేటర్లున్నా ఏం లాభం?

ముందు రోగం ఏంటో తేల్చండి

ఎక్స్‌పీలో కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో రెండు చోట్ల చూడాలి.

ఒకటి, కమిట్ చార్జ్ కింద పీక్ అనే అంకె. రోజంతా పని చేసుకున్నాక చూడండి. అది ఫిజికల్ మెమరీ కింద ఉన్న టోటల్ కంటే బాగా ఎక్కువుంటే మీ జబ్బు ర్యామ్. చోటు చాలక విండోస్ హార్డ్ డిస్క్‌ని ర్యామ్‌లా వాడుతోంది. క్యాబినెట్ ముందు లైటు ఆరకుండా వెలుగుతుండటం దానికి గుర్తు.

రెండు, సీపీయూ యూసేజ్. సిస్టమ్ నత్తనడక నడుస్తున్న సమయంలో ఇది 100 దగ్గర అతుక్కుపోయి ఉంటే, అప్పుడు ప్రాసెసర్ మీద అనుమానపడొచ్చు. కొన్ని పెంటియమ్ 4ల్లో రెండు గ్రాఫులు కనిపిస్తాయి. అది హైపర్ థ్రెడింగ్. ఒకే కోర్ రెండుగా కనిపించడం తప్ప, నిజంగా రెండు కోర్లు కాదు.

మా సిస్టమ్‌లో రెండు జబ్బులూ ఉన్నాయి. ఓ ఫ్రెండ్ దగ్గర 1 జీబీ డీడీఆర్ స్టిక్ అడిగి తెచ్చి పెట్టి చూశాను. ప్రోగ్రామ్‌ల మధ్య మారడం వెంటనే తేలికైంది, డిస్క్ లైటు కూడా శాంతించింది. కానీ ఫోటోషాప్‌లో ఫిల్టర్ నడిచేటప్పుడు, లేదా యాంటీవైరస్ స్కాన్ మొదలైనప్పుడు పేజ్‌మేకర్‌లో అక్షరాలు టైప్ చేసిన చాలాసేపటికి పడుతున్నాయి. యూసేజ్ 100. అక్కడ రెండో కోర్ అవసరం ఖాయమైంది. పైగా పాత డీడీఆర్ ర్యామ్ అప్పటికే డీడీఆర్3 కంటే ఖరీదు. దాని మీద డబ్బు పెట్టడంలో అర్థం లేదనిపించింది.

మీ పరీక్షలో మొదటి జబ్బు మాత్రమే తేలితే ఇక్కడే ఆగిపోండి. ర్యామ్ వేయించుకుని మిగిలిన డబ్బు దాచుకోండి.

ఏం మార్చాం, ఏం ఉంచాం

మా పాత బోర్డు సాకెట్ 478. దాంట్లో డ్యూయల్ కోర్ పట్టదు కాబట్టి బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ మార్చక తప్పదు. తీసుకున్నవి ఇవి:

- ప్రాసెసర్: ఇంటెల్ పెంటియమ్ జి620. రెండు కోర్లు, 2.6 గిగాహెర్ట్జ్, 65 వాట్లు
- బోర్డు: హెచ్61 చిప్‌సెట్, ఎల్‌జీఏ 1155 సాకెట్
- ర్యామ్: డీడీఆర్3, 4 జీబీ
- కొత్త ఎస్‌ఎంపీఎస్

క్యాబినెట్, మానిటర్, కీబోర్డు, ప్రింటర్ పాతవే. గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఉంది కాబట్టి వేరే కార్డు అక్కర్లేదు.

2.8 నుంచి 2.6కి దిగామేంటి అనుకోకండి. శాండీ బ్రిడ్జ్ తరం కోర్ ఒక్కో క్లాక్‌కి చేసే పని పెంటియమ్ 4 కంటే చాలా ఎక్కువ. తరం మారితే గిగాహెర్ట్జ్‌తో గిగాహెర్ట్జ్‌ని పోల్చకూడదు.

సెకండ్ హ్యాండ్‌లో పెంటియమ్ డి చవగ్గా దొరికేది. నేను వద్దనుకున్నాను. వాటిలో కింది మోడళ్లలో ఒకటైన 820 కూడా 95 వాట్లు. ఏసీ లేని ముందు గదిలో, బెజవాడ మే నెల ఎండలో, అన్ని వాట్లు కూడా ఫ్యానే చల్లార్చాలి.

బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ కలిపి పది వేల లోపే అయ్యాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ నాకు దగ్గరే. అయినా కావాలనే విజయవాడలో కొన్నాను. రేపు బోర్డు పోతే వారంటీకి వెళ్లాల్సింది నాన్న, నేను కాదు.

షాపులో అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

1. పాత హార్డ్ డిస్క్ తగులుతుందా? హెచ్61లో ఐడీఈ లేదు, సాటా మాత్రమే. 2011 అక్టోబర్‌లో థాయ్‌లాండ్ వరదల తర్వాత హార్డ్ డిస్క్‌ల ధరలు మండిపోయాయి కాబట్టి ఈ ఖర్చు ముందే లెక్కేసుకున్నాం. మేం కొత్త సాటా డిస్క్ తీసుకుని, పాతదాన్ని ఓ కన్వర్టర్‌తో తగిలించాం. ఎనిమిదేళ్ల ఫైళ్లు అలాగే ఉన్నాయి.

2. ప్యారలల్ పోర్ట్ ఉందా? నాన్న ట్రేసింగ్ పేపర్ మీద ప్రింట్ తీసే లేజర్ ప్రింటర్‌కి అదే దారి. హెచ్61 బోర్డుల్లో కొన్నింటికే ఉంటుంది.

3. పాత ఎస్‌ఎంపీఎస్ సరిపోతుందా? పాతవాటికి 20 పిన్నుల కనెక్టర్, ఇప్పటి బోర్డులకి 24. అడాప్టర్‌తో నెట్టుకురావచ్చు గానీ, ఎనిమిదేళ్ల ఎస్‌ఎంపీఎస్‌ని నమ్మి కొత్త బోర్డు తగిలించబుద్ధి కాలేదు.

4. ఎక్స్‌పీకి డ్రైవర్లు ఉన్నాయా? పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. నాన్న పనంతా దాంట్లోనే, అను ఫాంట్లలోనే ఉంది. అందుకే ఎక్స్‌పీనే ఫ్రెష్‌గా ఎక్కించాం. ఎక్కించేముందు బయోస్‌లో సాటా మోడ్‌ని ఐడీఈకి మార్చండి, లేకపోతే బ్లూ స్క్రీన్ వస్తుంది. 32 బిట్ ఎక్స్‌పీ 4 జీబీ మొత్తాన్ని వాడుకోలేదు, మూడు జీబీ పైచిలుకే చూపిస్తుంది. అది ర్యామ్ లోపం కాదు.

మీ బోర్డు ఎల్‌జీఏ 775 అయితే మీరు అదృష్టవంతులు. ప్రాసెసర్ ఒక్కటే మార్చి బయటపడొచ్చు. కానీ సాకెట్ పట్టినంత మాత్రాన సరిపోదు. 945 చిప్‌సెట్ బోర్డుల్లో కొన్ని పెంటియమ్ డిని తీసుకుంటాయి, కోర్ 2 డ్యువోని తీసుకోవు. బోర్డు కంపెనీ సైట్‌లో సీపీయూ సపోర్ట్ లిస్ట్, దానికి కావాల్సిన బయోస్ వెర్షన్ చూసుకోండి. మార్చాక టాస్క్ మేనేజర్‌లో ఒక్క గ్రాఫే కనిపిస్తుంటే, డివైస్ మేనేజర్‌లో కంప్యూటర్ కింద ఏసీపీఐ మల్టీప్రాసెసర్ పీసీ అని ఉందో లేదో చూడండి.

నిజంగా ఏం మారింది?

వేగం పెరిగితే అది రెండో కోర్ గొప్పా, కొత్త తరం చిప్ గొప్పా? ఇది తేల్చడానికి ఎక్స్‌పీలోనే ఓ దారుంది. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బూట్ డాట్ ఐఎన్ఐ ట్యాబ్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో నంప్రాక్ విలువని 1గా పెడితే విండోస్ ఒక కోర్‌తోనే లేస్తుంది. ఒకసారి ఒక కోర్‌తో, ఒకసారి రెండింటితో నాన్న పనినే చేసి చూశాను.

పేజ్‌మేకర్ ఒక్కటే తెరిచి పని చేస్తే తేడా దాదాపు తెలియలేదు. అక్కడ పెరిగిన వేగం కొత్త చిప్ పుణ్యమే. ఫోటోషాప్‌లో పెద్ద ఫోటో మీద ఫిల్టర్ వేస్తే రెండు కోర్లు స్పష్టంగా గెలిచాయి, ఎందుకంటే చాలా ఫిల్టర్లు పనిని పంచుకునేలా రాసినవి. అసలు తేడా కలగాపులగపు పనిలో బయటపడింది. ఫిల్టర్ నడుస్తుండగా పేజ్‌మేకర్‌లో టైప్ చేస్తే ఒక కోర్‌తో కర్సర్ తడబడింది, రెండు కోర్లతో వేలితోపాటే అక్షరం పడింది. యాంటీవైరస్ స్కాన్ మాత్రం ఎన్ని కోర్లున్నా డిస్క్‌ని వాయిస్తూనే ఉంటుంది. దాన్ని నాన్న భోజనం టైముకి షెడ్యూల్ చేశాను.

నా సలహా

ఇంట్లో పని ఒక బ్రౌజర్, ఒక వర్డ్ ఫైల్‌తో అయిపోతే ర్యామ్ పెంచి ఊరుకోండి. ఒకటి నడుస్తుండగా ఇంకోటి చేయాల్సిన పనైతే డ్యూయల్ కోర్‌కి వెళ్లండి. బడ్జెట్ తక్కువైనవారికి అప్పట్లో సెలెరాన్ జి530 కూడా రెండు కోర్లతోనే దొరికేది. వీడియో ఎడిటింగ్ చేస్తారా, అప్పుడు క్వాడ్ కోర్ మాట వినొచ్చు. ఇంకో విషయం: ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. నాన్న పాత ఫైళ్లన్నీ పీడీఎఫ్‌లుగా మార్చి దాచే పని అంతకు ముందే మొదలుపెట్టాం. ఆ మార్పిడి వెనకాల నడుస్తుంటే, ఆయన ముందు శ్రావణమాసం కార్డులు కంపోజ్ చేసుకునేవారు.